నిండు ఓడకి పన్నెండు పీపాలు

లూచిత్సా దీవి
1971 మార్చి 14

బావా,

ఇక్కడ అందరం బాగున్నాం, గాడిద తప్ప. దానికి పంటినొప్పి. అది అరుస్తుంటే ఊరంతా నన్ను తిడుతోంది, నొప్పి నేనే పెట్టినట్టు.

అక్క ఉత్తరం అందింది. మీ దుబ్రావాలో సహకార సంఘం వాళ్ళు వైనుకి సిమెంటు తొట్లు కట్టించుకున్నారనీ, పీపాలు అడిగేవాడు లేక నువ్వు పనిసాల మూసేశావనీ, రోజంతా పొయ్యి పక్కన కూచుని ఈగలు లెక్కపెడుతున్నావనీ రాసింది. ఈగలు పెరిగాయా తగ్గాయా అని అడగను. నీకో పని తెచ్చాను.

ఫిబ్రవరిలో జరిగింది అక్కకి రాయలేదు, ఏడుస్తుందని. నువ్వు ఏడవవు కాబట్టి నీకు రాస్తున్నా. వలలు తీస్తుంటే కొండమీంచి బూరా గాలి దిగింది. పడవ ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పడవ ఇటలీ వైపు పోవడం మొదలెట్టింది. ఇటలీలో నాకు తెలిసినవాళ్ళు ఒక్కళ్ళు కూడా లేరు. అప్పుడు నోట్లోంచి మాట వచ్చేసింది: "పునీత నికోలా, నన్ను ఒడ్డున పడేస్తే నీ గుళ్ళో ఓడ కడతా. నిండు ఓడ." ఇంజను మళ్ళీ దగ్గింది, ఈసారి ఆగలేదు.

ఓడ అని ఊరుకుంటే పోయేది. ఇక్కడ గండం గడిచిన ప్రతివాడూ ఓడ బొమ్మ చేసి గుడి కప్పుకి వేలాడదీస్తాడు. అవన్నీ ఖాళీ ఓడలే. నేను కంగారులో 'నిండు' అన్నాను. అంతటితో ఆగకుండా ఒడ్డుకొచ్చి వైను కొట్లో అందరికీ చెప్పుకున్నాను. షిమే ఫాదరు చెవిన పడింది. "నిండు అన్నావు కదా యెర్కో, నిండే ఉండాలి. మళ్ళీ సముద్రం మీదికి పోవా ఏంటి?" అన్నాడు.

మా తాత నడిపిన రెండు తెరచాపల ఓడ నీకు తెలుసుగా, అక్క చెప్పి చెప్పి నీ చెవులు అరిగే ఉంటాయి. దానికే నకలు చెక్కుతున్నా. తాత మోసింది వైను పీపాలు. కాబట్టి నాకు పన్నెండు పీపాలు కావాలి. నిజం పీపాకి సరిగ్గా యాభయ్యో వంతు. డిసెంబరు ఆరున నికోలా పండగ, ఆ రోజుకి ఓడ కప్పుకి ఎక్కాలి.

పండక్కి నువ్వూ అక్కా రండి. రావని తెలుసు. మా అమ్మ పోయినప్పుడు స్ప్లిట్ రేవు దాకా వచ్చి స్టీమరుని చూసి వెనక్కి తిరిగావు. అక్క ఒక్కతే వచ్చింది. "మీ ఆయనేడే" అని ఊరంతా అడిగేసరికి, ఇంక ఆయన లేకుండా ఈ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని పోయింది. ఆ ఒట్టు ఇంకా అలాగే ఉంది. అయినా పిలవడం నా వంతు.

నీ బామ్మర్ది
యెర్కో

*

దుబ్రావా
ఏప్రిల్ 2

యెర్కో,

గాడిద చిగుళ్ళకి లవంగం నూనె రాయి.

పనిముట్లకి గ్రీజు పూసి గుడ్డల్లో చుట్టేశాను. మళ్ళీ విప్పాలంటే ఒక రోజు. నీకోసమైతే విప్పను. పునీతుడు అడిగాడు కాబట్టి విప్పుతున్నా.

యాభయ్యో వంతు అన్నావు, అలాగే. ఆ లెక్క నాకు నువ్వు నేర్పక్కర్లేదు. ఎర్ర వైనా, తెల్ల వైనా? ఎరుపైతే ఓక్ చెక్క, తెలుపైతే మల్బరీ చెక్క. అది చెప్పకుండా పీపా అడిగేవాణ్ణి నిన్నే చూస్తున్నా.

స్టీమరు మాట ఎత్తకు. నీళ్ళ మీద ఇనుము తేలడం నాకు ఇప్పటికీ నమ్మకం లేదు.

మీ అక్క అడుగుతోంది, వాకిట్లో అంజూరపు చెట్టు కాసిందా అని. వచ్చి చూసుకోమని చెప్పకు. ఏడుస్తుంది.

స్తిపాన్

*

లూచిత్సా
మే 9

బావా,

లవంగం నూనె పనిచేసింది. గాడిద ఇప్పుడు నన్ను తప్ప అందర్నీ కరుస్తోంది.

ఎర్ర వైనే. తాత తెల్ల వైను ఎక్కించిన రోజున ఓడ పక్కకి వాలిందట, అప్పట్నించి ముట్టలేదు. అది నిజం కాదనుకో, ఆయనకి ఎరుపంటే ఇష్టం. ఇంట్లో వాళ్ళం ఆయన మాటల్ని ఏరుకోకుండా మొత్తంగా నమ్మేవాళ్ళం, అది సులువు.

ఓడ బాగా వస్తోంది. పై పలకలు వేశాను. తెరచాప కొయ్యలు పాత ఆలివ్ చెట్టువి. మా ఆవిడ దోబ్రిలా కుట్టుపెట్టెలోంచి దారం తీసి తాళ్ళు పేనాను. ఇప్పుడు ఇంట్లో ఎవరి చొక్కాకీ గుండీలు లేవు. చారులో రంపప్పొట్టు వస్తోందని గొణుగుతోంది. ఉప్పు తక్కువైన రోజున పొట్టే నయం అన్నాను. ఆ రోజు కొట్లోనే తిన్నాను.

పీపాలు రెండు వరసల్లో పేర్చేలా చోటు ఉంచాను. పనిసాల తెరిచావని అక్క రాసింది. పొద్దున్నే సుత్తి చప్పుడు వింటుంటే ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉందిట. నీకు చెప్పొద్దంది. కాబట్టి నేను చెప్పలేదు.

యెర్కో

*

దుబ్రావా
జూన్ 20

యెర్కో,

నాలుగు పూర్తయ్యాయి. రైల్లో స్ప్లిట్‌కి పంపాను, అక్కణ్ణుంచి స్టీమరు తెస్తుంది. రేవుకి తోపుడు బండి తీసుకుని వెళ్ళు. ఓడ వేలాడదీసే తాళ్ళు గట్టివి చూసుకో. దూలం కూడా ఓసారి తట్టి చూడు, చెదలుంటే ముందే తెలుస్తుంది.

చెక్క నాలుగేళ్ళు ఎండింది. మంటమీద వంచాను, ఒక్క బద్ద పగల్లేదు. చేతులు ఏమీ మర్చిపోలేదు. అది రాయాలనిపించింది.

మిగతా ఎనిమిదీ ఆగస్టుకి.

స్తిపాన్

*

లూచిత్సా
జులై 4

బావా,

నవ్వు ఆగాక రాస్తున్నాను. అందుకే ఆలస్యం.

తోపుడు బండి ఎందుకో అర్థం కాలేదు. అగ్గిపెట్టెలో పట్టే సరుక్కి బండేమిటి అనుకుని ఉత్తచేతుల్తో వెళ్ళాను. స్టీమరు వాళ్ళు పెట్టె దించారు. ఇద్దరు పట్టుకున్నారు. విప్పితే నాలుగు పీపాలు, ఒక్కొక్కటీ బలిసిన బాతంత. మా ఓడ మూరకి కాస్త ఎక్కువ బావా. ఓడ మీద పీపా పెట్టలేక పీపా మీద ఓడ పెట్టి చూశాను. బాగానే నిలబడింది.

రేవు దగ్గర ముసలి బెపో ఉన్నాడు. నీకు తెలీదు, నోరు తప్ప అన్నీ అరిగిపోయిన మాజీ సరంగు.

"ఇవేంట్రా యెర్కో?"

"ఓడలోకి పీపాలు."

"ఓడ ఎక్కడ?"

"ఇంట్లో, అల్మారా మీద."

"అల్మారా రేవులోకి తీసుకురా, ఎక్కించుకుందాం."

సాయంత్రానికి కొట్లో నా పేరు మారిపోయింది. ఇప్పుడు నేను అల్మారా కెప్టెన్ని. మీ ఊళ్ళో యాభై అంటే మూడో నాలుగో అనుకుంటా. పోనీలే బావా, శ్రమపడకు. స్ప్లిట్‌లో బొమ్మల కొట్లో చిన్న చిన్న పీపాలు దొరుకుతాయిట, చిన్న చెక్కముక్కని గుండ్రంగా కోసి, కాఫీలో ముంచి రంగు తెప్పించినవి. పైన కప్పు దగ్గర వేలాడితే ఎవడెక్కి తట్టి చూస్తాడు? అవి కొనేస్తా.

యెర్కో

*

దుబ్రావా
జులై 19

యెర్కో,

నేను పీపాలు చేసేవాణ్ణి. పీపాని ఎవరైనా జానలతో కొలుస్తారా? పీపా అంటే అది పట్టినంత. నిజం పీపా రెండు వందల పాతిక లీటర్లు. యాభయ్యో వంతు నాలుగున్నర. నాలుగూ కొలిచి చూడు, ఒక్క గరిటె తేడా ఉంటే నా పేరు మార్చు. పొడుగులో యాభయ్యో వంతు అయితే పొడుగులో అని రాయాలి. మీ ఓడలవాళ్ళు పొడుగు చూస్తారేమో. మేం లోపల ఎంత పడుతుందో చూస్తాం.

ఇక ఓడ ఎంతుందో నాకేం తెలుసు? మా గుళ్ళో ఓడలు వేలాడవు, మొక్కజొన్న కంకులు వేలాడతాయి. ఓడ అన్నావు, ఓడంత అనుకున్నాను. దూలం తట్టి చూడమన్నది అందుకే.

కాఫీలో ముంచినవి కొనుక్కుంటానన్నావు, కొనుక్కో. కానీ వాటిని పీపాలు అనకు. లోపల ఖాళీ ఉంటేనే పీపా. ఖాళీ లేనిది మొద్దు. మొద్దుల్ని నింపడం ఎలాగో మీ ఫాదర్ని అడుగు.

ఏడాది తర్వాత చేతులు పనిలో పడ్డాయని సంబరపడ్డాను. ఊరంతా నవ్వుకోడానికని తెలిస్తే గుడ్డలు విప్పేవాణ్ణి కాదు. మళ్ళీ చుట్టేశాను. ఆ నాలుగూ వెనక్కి పంపు.

స్తిపాన్

*

లూచిత్సా
ఆగస్టు 1

బావా,

వెనక్కి పంపడం కుదరదు. నాలుగూ నిండి ఉన్నాయి.

నువ్వు కొలవమన్నావని కొలిచాను. నీళ్ళతో కొలవడం మర్యాద కాదని వైనుతో కొలిచాను. నాలుగున్నర లీటర్లు, గరిటె తేడా లేదు. బెపో వచ్చి చుట్టూ వేలితో తడిమాడు, ఎక్కడా తడి లేదు. తుడవడానికేమీ లేకపోయినా వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. "మీ బావ కొండవాడు అనుకున్నా, పనివాడే" అన్నాడు. రెండో రోజు వచ్చి ఒకటి అడిగాడు, పట్టుకుపోయాడు. షిమే ఫాదరు ఒకటి. అల్మారా కెప్టెన్ని అల్మారా కెప్టెనే అంటున్నారు, కానీ ఇప్పుడు గ్లాసు చేతికిచ్చి అంటున్నారు.

ఊరు నవ్వింది నన్ను. నిన్ను కాదు. ఆ ఉత్తరంలో ఆ సంగతి సరిగా రాయలేదు. నాకు నవ్వొస్తే చెయ్యి ముందు పరిగెడుతుంది, బుర్ర తర్వాత మెల్లగా వస్తుంది.

స్ప్లిట్ వెళ్ళాను. బొమ్మల కొట్లో ఆ పీపాల్ని చూశాను. ఒకటి చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. కొట్టు పిల్ల వింతగా చూసింది. చప్పుడు లేదు. నువ్వన్నట్టు మొద్దే. గాల్లో కొట్టుకుపోతున్నప్పుడు నేను 'నిండు' అన్నాను, పునీతుడు చెవిలో వేసుకుని ఇంజను తిప్పాడు. ఇప్పుడు కాఫీ పూసిన మొద్దులిచ్చి నిండుగా ఉందనుకోమంటే ఏ మొహంతో మళ్ళీ వల వేస్తాను? అక్కడే పెట్టేసి వచ్చాను.

ఈసారి సరిగ్గా చెప్తున్నా. పొడుగు నా బొటనవేలి గోరంత. నా వేలు నీకు గుర్తుండదని కాగితం మీద నొక్కి గీశాను, కింద చూడు. లోపల టీ చెంచాలో మూడో వంతు పడితే చాలు. నిజం బద్దలు, వాటిని బిగించే నిజం కట్లు, నిజం వైను. అసలు అంత చిన్నది ఎవరి వల్లనైనా అవుతుందో లేదో నాకు తెలీదు. కాదంటే కాదని రాయి. పన్నెండు ఖాళీ చోట్లతో ఓడ ఎక్కిస్తాను, పునీతుడితో నేనే తేల్చుకుంటా.

గుడ్డలు విప్పు బావా.

యెర్కో

*

దుబ్రావా
అక్టోబరు 10

యెర్కో,

నీ గోళ్ళు తీసుకో, కాగితం మీద మట్టి పడింది.

అవుతుంది. ఆగస్టంతా అవదు అనుకున్నాను. బద్ద గోరంత పలచన చెయ్యాలి, అలా చేస్తే మంటమీద పెట్టగానే మాడిపోతోంది. పదిహేనిరవై తగలబెట్టాను. మీ అక్క వంటింట్లో కాఫీ పెడుతూ చూసింది.

"మంటెందుకు? ఆవిరి మీద పెట్టరాదూ."

"పీపా మంటమీద వంచాలి. మా నాన్న మంటమీద వంచాడు."

"మీ నాన్న గోరంత పీపా ఎప్పుడైనా చేశాడా?"

కాఫీ గిన్నె మూతి దగ్గర ఆవిరిలో పెట్టాను. మెత్తగా వంగింది. ఆవిడ వెనక్కి కూడా చూడకుండా కాఫీ పోసుకుని వెళ్ళింది. అదింకా బాధ.

కట్లకి ఇనుము దొరకలేదు. నువ్వు ప్రతి క్రిస్మస్‌కీ పంపే సార్డీన్ చేపల డబ్బాలు మీ అక్క పారెయ్యదు, గుండీలు వేసుకుంటుంది. ఒక డబ్బా కత్తిరించి సన్నటి పట్టీలు తీశాను. కాబట్టి పీపాలు మా ఓక్, కట్లు మీ సముద్రం. బద్దలు నేను నిలబెడితే కట్టు తొడిగేది మీ అక్క, కనుబొమలు పీక్కునే చిమటాతో. నా వేళ్ళు పట్టవు. "ఊపిరి బిగబట్టు, ఎగిరిపోతాయి" అంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఒక బల్లకి ఇద్దరం కూచుని పనిచెయ్యడం ఇదే. పిల్లలు చూసి భయపడ్డారు, ఏమైందోనని.

పన్నెండూ అయ్యాయి. నీళ్ళు పోసి చూశాను, నిలిచాయి.

ఇప్పుడు అసలు సంగతి. పీపా ఖాళీగా ఎండితే బద్దలు కుంచించుకుని విచ్చుకుంటాయి. పెద్దదైతే నెలలు పడుతుంది. ఇంత చిన్నది రెండు రోజుల్లో పోతుంది. రైల్లో పంపితే నీ చేతికి పన్నెండు పీపాలు రావు, పళ్ళు కుట్టుకునే పుల్లలు వస్తాయి. అక్కడికొచ్చాక తడిపి, కట్లు మళ్ళీ దిగ్గొట్టి, అప్పటికప్పుడు నింపి మూత వెయ్యాలి. అది నువ్వు చెయ్యలేవు. కొడితే పగులుతాయి, కొట్టకపోతే కారతాయి. ఎంత కొట్టాలో ఉత్తరంలో రాసేది కాదు. చేతికి తెలియాలి.

ఆ స్టీమరు ఎంతసేపు పడుతుంది?

స్తిపాన్

*

లూచిత్సా
అక్టోబరు 24

బావా,

నీ చివరి వాక్యం నాలుగుసార్లు చదివి దోబ్రిలాకి వినిపించాను. ఆవిడ లేచి వెళ్ళి మంచాల మీద దుప్పట్లు మార్చింది. ఇంకా నెలన్నర ఉందే అన్నాను. "మనసు మార్చుకోకముందే మార్చాను" అంది.

స్టీమరు రెండు గంటలు. బెపో చెప్పిన మందు: మధ్యలో నిలబడు, దీవి వైపు చూడు, నీళ్ళ వైపు చూడకు, నోట్లో ఎండు అంజూరం పెట్టుకో. మింగకు, నములు. బెపో నలభై ఏళ్ళు ఓడలమీద ఉన్నాడు. మరి నీకెప్పుడైనా వాంతి అయ్యిందా అంటే, ప్రతిసారీ అయ్యిందన్నాడు.

సముద్రాన్ని ఆ రోజు కాస్త పడుకోమన్నాను. మాట ఇవ్వలేదు.

పీపాల్ని ఎలా తెస్తావు? జేబులో పెట్టుకోకు, కూచుంటావు. అక్కకి చెప్పావా? చెప్పకపోతే ఇప్పుడే చెప్పు. చెప్పాక ఆవిడ ఏమందో రాయి. అంజూరపు చెట్టు ఈ ఏడు బాగా కాసింది, అక్కకోసం ఎండబెట్టించాను.

యెర్కో

*

దుబ్రావా
నవంబరు 8

యెర్కో,

ఊరగాయ జాడీలో, తడి గుడ్డ మధ్యలో పెట్టి తెస్తాను. జాడీ ఒళ్ళోంచి దించను.

మీ అక్కకి చెప్పాను. వెళ్ళి పెట్టె సర్దింది. సర్దడానికి నెల ఉంది కదే అంటే, "తెలుసు" అంది. అప్పట్నించి రోజూ తీస్తోంది, మళ్ళీ సర్దుతోంది.

డిసెంబరు నాలుగున దిగుతాం. దిగాక నాతో ఒక గంట ఎవరూ మాట్లాడకండి.

స్తిపాన్

*

లూచిత్సా
డిసెంబరు 15

బావా,

క్షేమంగా చేరారని టెలిగ్రాం అందింది. 'బతికాను' అని ఒక్క మాట పంపావు, తపాలా ఆఫీసు వాళ్ళు కంగారుపడి పరిగెత్తుకొచ్చి ఇచ్చారు.

నువ్వు స్టీమరు దిగినప్పుడు మొహం కొత్తిమీర రంగులో ఉందని ఊరంతా ఇంకా చెప్పుకుంటోంది. చేతిలో జాడీ మాత్రం ఒలకలేదు. నీవెనక అక్క దిగి, ఎవరి మొహం చూడకుండా నేరుగా వెళ్ళి రేవు చివర అమ్మ కూచునే రాతిమీద కూచుంది. అప్పుడు నాకు ఏం చెయ్యాలో తెలీక నీ పెట్టె మోశాను. పెట్టె నాది కాదు, వేరే ఎవరిదో. మర్నాడు తిరిగిచ్చాం.

మీరు వెళ్ళిన తర్వాత సంగతి చెప్పాలి. అందుకే ఈ ఉత్తరం.

మొన్న ఆదివారం పూజ. షిమే ఫాదరు ప్రసంగంలో ఉన్నాడు, ఓడ సరిగ్గా ఆయన నెత్తిమీద. పాపం గురించి చెప్తుండగా ఆయన బట్టతల మీద ఎర్రటి చుక్క పడింది. ముందు వరస ముసలమ్మలు శిలువ గుర్తు వేసుకున్నారు. ఒకావిడ మోకరిల్లింది. ఫాదరు వేలితో తుడిచాడు, చూశాడు, నాలిక మీద పెట్టుకున్నాడు.

"యెర్కో తోటదే. పోయినేటి కన్నా పులుపు తగ్గింది" అన్నాడు, మళ్ళీ పాపంలోకి వెళ్ళిపోయాడు.

నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాను. పదకొండు రాయిలా ఉన్నాయి. వెనక వరసలో చివరిది, పన్నెండోది, కింద కట్టు దగ్గర కొంచెం చెమరుస్తోంది. బెపో కూడా ఎక్కి చూశాడు, దించడానికి ముగ్గురు కావలసి వచ్చింది. "పనివాడే గానీ చివర్లో అలిసిపోయాడు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నువ్వు ఆ రోజు గుళ్ళో బల్లమీద వంగి, చిటికెన వేలంత సుత్తితో ఒక్కో కట్టూ కొడుతుంటే నేను పక్కనే ఉన్నాను. అలిసిపోయినవాడు అలా కొట్టడు. పైగా ఆ చివరిది కొట్టేముందు తలెత్తి, గుమ్మంలో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్న అక్కవైపు చూశావు. ధ్యాస తప్పి ఉంటుంది, అంతే. బావా, ఎవరికైనా తప్పుతుంది.

చుక్క మళ్ళీ ఎవరి నెత్తినా పడకుండా గుళ్ళో కింద గిన్నె పెట్టాం. మొక్కు తీరినట్టే అంటున్నాడు ఫాదరు. కానీ నాకు మనసు ఒప్పడం లేదు. ఓడ నిండుగా ఉండాలి. నేను ఏదైనా చెయ్యొచ్చా? లక్క పూయనా?

యెర్కో

*

దుబ్రావా
డిసెంబరు 28

యెర్కో,

లక్క పూశావంటే నీతో మాట్లాడను. దాని జోలికెళ్ళకు.

నాకు ధ్యాస తప్పలేదు. పన్నెండోదాని కింద కట్టు నేనే సగం దిగ్గొట్టి వదిలేశాను. సరిపడా కాదని తెలిసే వదిలేశాను. ఈ జన్మలో నా చేతిమీంచి పని పూర్తికాకుండా పోయిన పీపా అదొక్కటే.

రేవులో ఆ రాతిమీద మీ అక్క కూచోవడం నేనూ చూశాను. ఇంటికొచ్చాక మళ్ళీ ఎప్పుడని అడగలేదు. అడగదు, నాకు తెలుసు. పెట్టె మాత్రం ఇంకా అటక ఎక్కించలేదు, గుమ్మం పక్కనే పెట్టింది.

కాబట్టి చెమర్చనీ. రోజుకో చుక్క పోతే పైన బెజ్జంలోంచి నువ్వే మరో చుక్క పోస్తుండు, ఖాళీ కానివ్వకు. నిచ్చెన ఎక్కడం నీకు మంచిదే, పొట్ట తగ్గుతుంది. వచ్చే నికోలా పండక్కి వచ్చి మిగతా సగం కొడతాను. అది ఒక రోజులో అయ్యే పని కాదు, వారం పడుతుందని అక్కడ అందరికీ చెప్పు. బెపోకి ముఖ్యంగా.

ఎండు అంజూరాలు పంపు. నావి వెళ్ళేటప్పుడే అయిపోయాయి, వచ్చేటప్పుడు ఏమీ లేకుండా వచ్చాను.

మీ బావ
స్తిపాన్